ఏటికొప్పాక లక్క బొమ్మలతో పదకొండు నెలలు

సంక్రాంతి వెళ్ళిన వారానికి, విశాఖపట్నం బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక హస్తకళల దుకాణంలో మా మనవల కోసం ఏటికొప్పాక లక్క బొమ్మలు ఐదు రకాలు కొన్నాను. ఒకదానిలో ఒకటి ఇమిడే ఐదు బొమ్మల సెట్టు, కర్రకు గుచ్చే రంగు వలయాలు, లక్క పిడతలు, ఎద్దుల బండి, ఒక గిలక్కాయ. అన్నీ కలిపి రెండు వేల రూపాయలకు కొద్దిగా తక్కువ అయింది. అప్పటికి మనవరాలికి రెండేళ్ళ నాలుగు నెలలు, ఆమె అన్నకు ఆరున్నర ఏళ్ళు. కొన్న వారంలోనే రాసి ఉంటే రంగు గురించీ, నునుపు గురించీ, ధర గురించీ తప్ప మరేమీ చెప్పగలిగేదాన్ని కాదు. పిల్లల బొమ్మ పనితనం పిల్లలు దానితో విసిగిపోయి, వదిలేసి, మళ్ళీ దాని దగ్గరికి వచ్చినప్పుడే తెలుస్తుందని నా నమ్మకం. అందుకే ఇంతకాలం ఆగాను.

ముందుగా తయారీ గురించి. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. 2022లో జిల్లాల విభజన జరిగేవరకు విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. అక్కడి బొమ్మలను మెత్తని అంకుడు కర్రతో చేస్తారు. యంత్రం మీద గిర్రున తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపెడితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. అందువల్లనే ఈ బొమ్మల మీద అంచులూ మొనలూ ఉండవు, అన్నీ గుండ్రని ఒంపులే. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే దుకాణంలో కనిపించే ప్రతి బొమ్మా సహజ రంగులతోనే చేసినదని అనుకోవడానికి వీలులేదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల కోసం కొనేవారు ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగాలి. బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసిన నిబంధన 2021 జనవరి నుంచి అమలులో ఉన్నా, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు దాని నుంచి మినహాయింపు ఉన్నది. కాబట్టి గుర్తు లేదని అనుమానపడనక్కరలేదు, కానీ చూసుకునే బాధ్యత మాత్రం మనదే.

నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చాలాకాలం శిశు మనోవిజ్ఞానం బోధించాను. సాంశీకరణం, అనుగుణ్యం, సమతాస్థితి అనే మాటలను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. టెట్ పరీక్షకు వెళ్ళే పిల్లలు వాటిని ఒక మార్కు జవాబుగా బట్టీపట్టి వెళ్ళేవారు. ఆ మాటల వెనుక ఉన్న స్విట్జర్లాండ్ పరిశోధకుడు జీన్ పియాజే 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పనిచేస్తూ, సరైన జవాబుల కంటె తప్పు జవాబులలోనే ఎక్కువ విషయం ఉన్నదని గమనించారు. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పు చేస్తున్నారంటే, ఆ తప్పు వెనుక ఒక ఆలోచన పద్ధతి ఉండాలి కదా. తరువాత తన ముగ్గురు పిల్లలను పసితనం నుంచి పరిశీలించి ఆయన చెప్పినదాని సారాంశం ఇది: పిల్లలు కొత్త వస్తువును ముందు తమకు తెలిసినదానిలో కలుపుకొని చూస్తారు, అది సాంశీకరణం; అలా కలవనప్పుడు తమకు తెలిసినదానినే మార్చుకుంటారు, అది అనుగుణ్యం; ఆ రెండింటికీ పొత్తు కుదరడమే సమతాస్థితి.

ఇది పుస్తకం మాట అనుకునేవారికి మా ఇంటి ఉదాహరణ ఒకటి చెబుతాను. ఆర్.కె. బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామిని మొదటిసారి చూసినప్పుడు మా మనవరాలు దానిని “పెద్ద చేప” అన్నది. నల్లగా, పొడుగ్గా, సముద్రం పక్కనే పడుకొని ఉన్నది కాబట్టి చేపల లెక్కలోనే వేసుకున్నది. దాని కడుపులోకి వెళ్ళి, మంచాలూ గొట్టాలూ చక్రాలూ చూసి, రెండవ వైపు నుంచి బయటికి వచ్చిన తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు “చేప కాదు అమ్మమ్మా, చేప బస్సు” అని తేల్చింది. మొదటి మాట సాంశీకరణం, రెండవది అనుగుణ్యం. ఆ రెండింటి నడుమ ఆమె మౌనంగా ఉన్న అరగంట ఉన్నది చూశారా, బొమ్మలకు నేను మార్కులు వేసేది దాని ఆధారంగానే. పిల్లవాని ఊహకు ఎక్కడో ఒకచోట అడ్డుపడగలిగినదే మంచి బొమ్మ. ఆ అడ్డు కూడా పెద్దల మందలింపుగా కాకుండా వస్తువు స్వభావంగానే ఎదురుకావాలి.

ఈ కొలతతో చూస్తే ఐదింటిలోనూ ఒకదానిలో ఒకటి ఇమిడే బొమ్మలే అన్నిటికంటె మేలైనవి. ఇంటికి తెచ్చిన రోజునే చేసిన మొదటి పని, అన్నిటికంటె చిన్న బొమ్మను తీసి బీరువాలో దాచడం. దాని వెడల్పు రెండు సెంటీమీటర్లకు మించదు. మూడేళ్ళలోపు పిల్లలు మింగగలిగిన వస్తువులను గుర్తించడానికి బొమ్మల పరీక్షలలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో సులువుగా దిగిపోయే వస్తువును ఆ వయసు పిల్ల చేతికి ఇవ్వకూడదు. పెట్టె మీద ఈ హెచ్చరిక ఎక్కడా లేదు, దుకాణంలోనూ ఎవరూ చెప్పలేదు. ఇందుకు అర మార్కు తగ్గిస్తున్నాను.

మిగిలిన నాలుగింటితో మనవరాలు మొదటి రెండు నెలలు చేసినదంతా ఒకే పని: చేతికి అందిన దానిని పక్కనున్న దానిలోకి నెట్టడం. పెద్దది చిన్నదానిలో పట్టకపోతే ఇంకా గట్టిగా నెట్టేది. అప్పటికీ పట్టకపోతే అదే తప్పు చేసినట్లు దాని నెత్తి మీద ఒకటి వేసేది. వేసవి వచ్చేసరికి పెద్ద బొమ్మను ఒళ్ళో పెట్టుకొని మిగిలినవాటిని ఒక్కొక్కటిగా అందులో వేయడం మొదలుపెట్టింది. ముందు అన్నిటికంటె చిన్నది వేస్తే తరువాతి దానికి చోటు ఉండదన్న సంగతి ఆ బొమ్మే ఆమెకు పదే పదే చెప్పింది. మూడేళ్ళు నిండిన కొద్దిరోజులకు మాత్రం, చిన్నదానిని మధ్యదానిలో పెట్టి, ఆ రెండింటినీ కలిపి ఒకే వస్తువుగా ఎత్తి పెద్దదానిలో దించింది. 1972లో పాట్రీషియా గ్రీన్‌ఫీల్డ్, ఆమె సహచరులు 11 నెలల నుంచి 36 నెలల వయసు పిల్లలకు ఇలా ఇమిడే గిన్నెలు ఐదు ఇచ్చి చూసినప్పుడు సరిగ్గా ఈ మూడు పద్ధతులే వరుసగా కనిపించాయి. మూడవ పద్ధతి కష్టమైనది. ఎందుకంటే మధ్య బొమ్మ ఒకే సమయంలో ఒకదానికి ఇల్లుగానూ, మరొకదానికి అతిథిగానూ ఉండగలదని పిల్ల ఒప్పుకోవాలి. నేను ఎన్ని పాఠాలు చెప్పినా ఈ సంగతి రెండేళ్ళ పిల్ల తలకెక్కేది కాదు. అంకుడు కర్ర చెప్పింది.

ఇక్కడ ఒక లోపం గురించి కూడా చెప్పాలి, అది లోపమా కాదా అన్నది నాకు ఇప్పటికీ తేలకపోయినా. మా ఇల్లు లాసన్స్ బే వైపు ఉన్నది, సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. వానలు పట్టిన తరువాత కర్ర ఉబ్బి, రెండవ బొమ్మ మూత బిగుసుకుపోయింది. మనవరాలు లాగింది, కొరికింది, చివరకు నా దగ్గరికి తెచ్చి “అమ్మమ్మా, దీనికి కోపం వచ్చింది, నోరు తెరవట్లేదు” అన్నది. కదిలే వాటికీ మొండికేసే వాటికీ ప్రాణమూ మనసూ అంటగట్టే ఈ ధోరణిని పాఠాలలో సర్వాత్మవాదం అని చెప్పేదాన్ని. వానకు కర్ర ఉబ్బుతుందని వివరించాను. మా స్నానాల గది తలుపు కూడా ఆ వానలకే బిగుసుకున్నది కనుక, దానిని చూపించి రెండింటి సంగతీ ఒకటేనని చెప్పాను. ఆమె తలుపునూ బొమ్మనూ మార్చి మార్చి చూసి, “తలుపుకు కూడా కోపం వచ్చిందా?” అని అడిగింది. నేను ఇచ్చిన సాక్ష్యమంతా ఆమె సిద్ధాంతానికే బలం చేకూర్చింది! కార్తీకంలో గాలి పొడిబారి మూత సులువుగా వచ్చిన రోజున “కోపం పోయింది” అని ఇంటిల్లిపాదికీ చెప్పి వచ్చింది. నేను దిద్దలేదు. ఆ సిద్ధాంతాన్ని కూలదోసే వస్తువు ఏదో ఒకనాడు దానంతట అదే ఆమె చేతికి వస్తుంది. ఏమైనా, సముద్రానికి దగ్గరగా ఉండేవారు ఈ బొమ్మలను వానాకాలంలో పొడి బట్టలో చుట్టి ఉంచడం మంచిది.

రంగు వలయాలు నన్ను నిరాశపరిచాయి. మధ్య కర్ర కింది నుంచి పై వరకు ఒకే లావుతో ఉన్నది, వలయాల రంధ్రాలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. అంటే ఏ వలయాన్ని ఏ వరుసలో వేసినా బొమ్మ ఊరుకుంటుంది. పెద్దది పైన, చిన్నది కింద పెట్టినా ఏమీ జరగదు. వరుస తప్పిందని చెప్పవలసిన పని పక్కన కూర్చున్న పెద్దవాళ్ళ మీద పడుతుంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మారియా మాంటిస్సోరి, పిల్లల సామగ్రి ఎవరి సాయమూ లేకుండా తప్పును తానే చూపించాలని పట్టుబట్టేవారు. ఆమె రూపొందించిన కొయ్య స్థూపాలలో ఒక్కటి తప్పు గుంటలో పెట్టినా చివరికి ఒకటి మిగిలిపోతుంది. కర్రను పైకి పోనుపోను సన్నగా చెక్కి, వలయాల రంధ్రాలను కూడా దానికి తగ్గట్టు వేరువేరు కొలతలలో చేస్తే ఇక్కడి వలయాలకూ ఆ గుణం వచ్చేది. మా మనవరాలు వాటిని గాజులుగా వేసుకుంటున్నది, అందుకు మాత్రం బాగానే ఉన్నాయి.

లక్క పిడతల గురించి తెలుగువారికి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. పొయ్యి, కుండ, గరిటె, కావడి బిందెలు, చిన్న రోలు అన్నీ ముచ్చటగా ఉన్నాయి. నీళ్ళు పోస్తే లక్క పాడవుతుంది కాబట్టి నీటికి బదులు శనగలు ఇచ్చాను. వెడల్పు గిన్నెలోని శనగలను సన్నని బిందెలో పోసి, ఇప్పుడు ఎక్కువ అయ్యాయా అని అడిగితే, మనవరాలు ఏమాత్రం సందేహించకుండా “బోలెడు” అంటుంది. తిరిగి గిన్నెలో పోస్తే “కొన్నే” అంటుంది. పియాజే 1941లో అలీనా షెమిన్స్కాతో కలిసి సంఖ్యాభావన మీద వెలువరించిన పరిశోధనలో, ద్రవాలతోనే కాకుండా పూసలతో కూడా ఇదే పరీక్ష చేశారు. ఆ వయసు పిల్లలు ఎత్తును చూస్తే వెడల్పును మరచిపోతారు. ఆరున్నర ఏళ్ళ మనవడి సంగతి మరింత ఆసక్తికరం. వేసవిలో అతడు కూడా బిందెలోనే ఎక్కువ అన్నాడు, కానీ వెంటనే “లెక్కపెట్టనా?” అని అడిగాడు. లెక్కపెట్టాడు, ముప్పై రెండు. తిరిగి పోసి లెక్కపెట్టాడు, ముప్పై రెండు. ముఖం చిట్లించి మూడవసారి లెక్కపెట్టాడు. దసరా నాటికి అదే ప్రశ్న అడిగితే “అవే శనగలు కదా అమ్మమ్మా” అని నా మీద జాలిపడ్డాడు. బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మే అబ్బాయి పొట్లం పొడుగ్గా చుడితే ఎక్కువ ఇచ్చినట్లు నాకే అనిపిస్తుంది కాబట్టి, ఈ భ్రమ ఒక వయసుతో పూర్తిగా పోతుందని నేను గట్టిగా చెప్పలేను.

ఎద్దుల బండి చూడముచ్చటగా ఉన్నది, చక్రాలు బాగా తిరుగుతాయి. తెచ్చిన కొత్తలో మనవరాలు దాని మీద కూర్చోబోయింది. జానెడు పొడవు లేని బండిలో ఒక పాదం పెట్టి, రెండవ పాదం కూడా పెట్టడానికి చాలా శ్రద్ధగా ప్రయత్నించింది. ఆటకు చేస్తున్నదనుకున్నాను, కాదు, ఎక్కలేకపోయినందుకు ఏడ్చింది. 2004లో జూడీ డిలోచ్ బృందం 18 నుంచి 30 నెలల పిల్లలలో ఇదే చూసింది: అరచేతిలో పట్టే కారులో ఎక్కబోవడం, బొమ్మ కుర్చీలో కూర్చోబోవడం. బండి అంటే ఎక్కేది అన్న జ్ఞానం పిల్లలకు ఉన్నది, ఇది చిన్నదన్న సంగతి కంటికి కనిపిస్తూనే ఉన్నది, ఆ రెండూ ఒక్క క్షణం కలుసుకోవు. ఒక ఇరుసు వంగింది తప్ప నష్టమేమీ జరగలేదు. అయితే ఇంత సన్నని ఇరుసు ఈ వయసు పిల్లల పాదానికి నిలవదని కొనేవారు తెలుసుకోవాలి.

గిలక్కాయను చిన్నదాని కోసం కొన్నాను, కానీ దానివల్ల ఎక్కువ నేర్చుకున్నది పెద్దవాడు. దానికి ఒక వైపు లావైన గుండు, మరొక వైపు సన్నని పిడి. మనవడు స్కేలును నిలువుగా పట్టుకొని దాని అంచు మీద పెన్సిలును, అగరుబత్తిని, గరిటెను నిలబెట్టే ఆట ఆడుతున్నాడు. పెన్సిలును సరిగ్గా మధ్యలో ఆనిస్తే నిలిచింది. గిలక్కాయను కూడా కొలిచి మరీ మధ్యలో పెట్టాడు; గుండు వైపుకు పడిపోయింది. ఏడెనిమిది సార్లు అదే చోట పెట్టి, “ఇది పాడైపోయింది, నిలబడదు” అని పక్కన పడేశాడు. అప్పుడే వచ్చిన చెల్లెలు దానిని ఎత్తి, అటూ ఇటూ జరిపి, గుండుకు దగ్గరగా ఎక్కడో ఆనించి క్షణంపాటు నిలబెట్టింది. వాడికి కలిగిన అవమానం వర్ణించలేను.

కానీ వెనుకబడినది వాడని అనుకోవడం పొరపాటు. 1974లో ఆనెట్ కార్మిలాఫ్ స్మిత్, బార్బెల్ ఇన్‌హెల్డర్ పిల్లలకు రకరకాల దిమ్మెలు ఇచ్చి సన్నని కడ్డీ మీద నిలబెట్టమన్నారు. కొన్ని దిమ్మెలలో ఒక పక్కన బరువు దాచి ఉంచారు. చిన్నపిల్లలు చేతికి తగిలే బరువును బట్టి తడుముకొని నిలబెట్టారు. కొంచెం పెద్దవాళ్ళు మాత్రం ‘ఏదైనా మధ్యలోనే నిలుస్తుంది’ అనే సిద్ధాంతం ఏర్పరచుకొని, నిలవని దిమ్మెలను అసాధ్యమని తోసిపుచ్చారు. ఇంకొంచెం పెద్దయ్యాకనే పొడవుతో పాటు బరువునూ లెక్కలోకి తీసుకున్నారు. అంటే చిన్నదానికి ఇంకా సిద్ధాంతం లేదు, కనుక తప్పే అవకాశమూ లేదు. వాడికి సిద్ధాంతం ఉన్నది, దానిని కాపాడుకుంటున్నాడు. మూడు వారాలపాటు ఆ గిలక్కాయ అలమర మీద పాడైపోయిన వస్తువుగానే ఉన్నది. తరువాత ఒకరోజు బ్యాటును వేలి మీద నిలబెడుతూ, ఎందుకో ఆగి, వెళ్ళి గిలక్కాయను తెచ్చుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. వంద రూపాయల వస్తువు నుంచి ఇంతకంటె నేనేమీ ఆశించను.

ఇదే కాలంలో పుట్టినరోజు కానుకగా వచ్చిన బ్యాటరీ బొమ్మ ఒకటి ఇంట్లో ఉన్నది. ఏ మీట నొక్కినా “వెరీ గుడ్” అంటుంది. దానితో పోల్చి చూడాలనుకున్నాను కానీ, రెండవ వారం తరువాత పిల్లలే దానిని ముట్టలేదు.

దుకాణం సేవ గురించి కూడా చెప్పాలి. ఇంటికి వచ్చి చూసుకుంటే పిడతలలో ఒకదాని అంచు చిట్లి ఉన్నది. మరునాడే తీసుకువెళితే, వాడి తెచ్చారని వాదించి, పదిహేను రోజులు తిప్పుకొని మార్చి ఇచ్చారు. పెట్టె మీద “మెదడుకు పదును, తెలివికి మెరుపు” అనే రాతలకు ఉన్న చోటులో సగం వయసు హెచ్చరికకు ఇచ్చి ఉంటే బాగుండేది. ఏటికొప్పాకకు కారులో రెండు గంటలలోపే చేరుకోవచ్చు. వీలున్నవారు అక్కడికే వెళ్ళి తయారుచేసేవారి దగ్గర కొనమని చెబుతాను. ఏ రంగు వేశారో వాళ్ళే చెబుతారు, మూత బిగువు చూసి ఇస్తారు, వలయాల కర్రను సన్నగా తిప్పి ఇమ్మని అడిగే వీలు కూడా అక్కడే ఉంటుంది.

ఐదింటిలో ఇమిడే బొమ్మలకు ఐదుకు నాలుగున్నర, గిలక్కాయకు నాలుగు, పిడతలకు నాలుగు, బండికి మూడు, వలయాలకు రెండు ఇస్తాను.

బీరువాలో దాచిన ఐదవ బొమ్మ సంగతి మిగిలింది. అది ఉండేదని మనవరాలికి తెలుసు, దుకాణంలో చూసింది. కంటికి కనబడని వస్తువు కూడా ఉంటుందన్న ఎరుక పిల్లలకు పియాజే అనుకున్నదాని కంటె ముందే, ఐదు నెలల వయసుకే కొంతమేరకు ఉంటుందని 1985లో రెనే బయార్జాన్ బృందం చూపించింది. రెండేళ్ళ పిల్ల మరచిపోతుందని నేను ఎలా అనుకున్నానో తెలియదు. నాలుగవ బొమ్మను తెరిచిన ప్రతిసారీ లోపల వేలు పెట్టి వెతికేది. కొన్నాళ్ళకు వెతకడం మానేసింది, మరచిపోయిందని సంతోషించాను. మూడేళ్ళు నిండాక బీరువాలోంచి ఐదవ బొమ్మను తెచ్చి ఇచ్చాను. ఆమె నాలుగవ బొమ్మను తెరిచి, నాకు చూపించింది. లోపల బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వ ఒకటి ఉన్నది. మింగుతుందని బొమ్మను దాచిన నేను, అంతే ఉన్న గవ్వను ఇన్నాళ్ళూ గమనించలేదు. ఇప్పుడు ఐదవ బొమ్మను లోపల పెట్టమంటే ఒప్పుకోవడం లేదు. “అక్కడ పాప ఉంది” అంటుంది. ఐదవది టీవీ పక్కన ఒంటరిగా కూర్చొని ఉన్నది.